వేళాకోళపు వరస

ఒటీలియా గామా గురించి సొంగెయాలో వాళ్ల వైపు చుట్టాలు ఒక మాట అనేవారు: "అది నీళ్లు కూడా వాసన చూసి తాగుతుంది." నిజానికి దగ్గరి మాటే. వాళ్లమ్మకి బస్టాండు వెనక చిన్న పూటకూళ్ల పాక ఉండేది. పాలవాడు వస్తే అమ్మ కూతుర్నే పంపేది. ఒటీలియా పాలలో వేలు ముంచి, చుక్క గోరు మీద ఎలా నిలుస్తుందో చూసి, "నిన్న మీ ఊళ్లో వాన పడిందా?" అని అడిగేది. పాలవాడు మారుమాటాడకుండా ఇంకో గరిటెడు పోసేవాడు.

ఆ అనుమానం ఎక్కడ పుట్టిందో ఆమెకి తెలుసు. వాళ్ల నాన్న పొగాకు సంఘంలో గుమాస్తా. ముభావి. ఒక ఆదివారం ఉన్నట్టుండి మేకమాంసం తెచ్చి తనే వండాడు. భార్య చేత పాట పాడించాడు. ఒటీలియాని భుజాల మీద ఎక్కించుకుని వీధంతా తిప్పాడు. ఆ పిల్ల జన్మలో అంత ఎత్తునుంచి వీధిని చూడలేదు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి మ్త్వారా వెళ్లి, అక్కడ ఇంకో సంసారం పెట్టుకుని, మళ్లీ రాలేదు. అప్పట్నుంచీ ఏడ్చేవాళ్లని చూస్తే ఆమెకి భయం వెయ్యదు. ఉన్నట్టుండి కులాసాగా మారినవాళ్లని చూస్తేనే అరికాళ్లు చల్లబడతాయి.

పెద్దయ్యాక మిషను ఆసుపత్రి ఆడవాళ్ల వార్డులో ఆయాగా చేరింది. పెళ్లయింది, కండిడా పుట్టింది. వార్డులో కొందరు ఆడవాళ్లు ఏ జబ్బూ లేకుండానే మంచం దిగేవారు కాదు. డాక్టరు రక్తం చూసి, ఛాతీ చూసి, "ఏమీ లేదు" అనేవాడు. ఒటీలియా మాత్రం దుప్పటి మారుస్తూ, "నిన్ను చూడ్డానికి ఎవరు వచ్చారు?" అని కాకుండా, "ఎవరు రాలేదు?" అని అడిగేది. ఆ ప్రశ్నకి వాళ్లు గోడవైపు తిరిగేవారు. అది విన్న ఒక ముసలి సిస్టరు, "నీ అనుమానానికి చదువు చెప్పించాలే పిల్లా" అంది. అలా ముప్పయ్యేళ్లు దాటాక, చంకన కూతురితో, ఇరింగా ఊరి బయట కొండమీదున్న చిన్న విశ్వవిద్యాలయంలో మానసిక, సామాజిక ఆరోగ్య సేవల కోర్సులో చేరింది.

"పిచ్చాళ్ల చదువా?" అంది అత్తగారు. "చదివొచ్చి మొదట మమ్మల్నే పరీక్ష చేస్తావు కాబోలు."

"మిమ్మల్ని ఇదివరకే చేసేశానత్తయ్యా," అంది ఒటీలియా. భర్త దమాస్ కాఫీ గిడ్డంగిలో పని వదిలి రాలేనన్నాడు కానీ, వెళ్లొద్దని మాత్రం అనలేదు. అదెందుకు అనలేదా అని దారి పొడుగునా ఆలోచించింది.

విశ్వవిద్యాలయమని బోర్డు మీద ఉండేది కానీ, అది ఒకప్పటి మిషను సిస్టర్ల హాస్టలు. వంటగది ప్రయోగశాల అయింది, ప్రార్థన గది పుస్తకాల గది అయింది. వాళ్ల తరగతి మొత్తం రెండు బల్లల చుట్టూ సరిపోయేది. ఎవరు ఏ గదిలో అద్దెకుంటున్నారో, ఎవరి పొయ్యిమీద ఏం ఉడుకుతోందో అందరికీ తెలుసు.

ఒటీలియా అద్దెకున్నది లుకోసి అనే ముసలాయన ఇంట్లో. ఒకప్పుడు లారీ డ్రైవరు. భార్య పోయింది. ఒక్క కూతురు వుమిలియా, పెళ్లై మకంబాకోలో ఉంది. గది అడగడానికి వెళ్లిన రోజున ఆయన గుమ్మంలో నిలబడి పైనుంచి కిందదాకా చూశాడు.

"ఏ ఊరు?"

"సొంగెయా."

"న్గోనీ తెగవాళ్లా?"

"అవును."

ఆయన పెరట్లోకి తిరిగి గట్టిగా అరిచాడు. "ఒరే పుంజూ, దాక్కోరా! దొంగలు దిగారు!"

"దాక్కోమని చెప్పాల్సింది కుక్కకి," అంది ఒటీలియా, చంకలో పిల్లని సర్దుకుంటూ. "హెహే వాళ్లింట్లో కుక్క కూరలోకి పోకుండా ఇంతకాలం బతికిందంటే మీకు పళ్లూడిపోయి ఉండాలి."

ముసలాయన గుమ్మానికి చేరగిలబడి కళ్లనీళ్లు కారేలా నవ్వాడు. గది ఖాయమైంది.

తాతల కాలంలో హెహేలూ న్గోనీలూ ఈటెలతో చూసుకున్నారు. మనవల కాలం వచ్చేసరికి నోటితో చూసుకుంటున్నారు. దీన్నే ఉతాని అంటారు. బావామరదళ్ల వేళాకోళం ఊరంత పెద్దదైతే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఈ వరసలో ఏమైనా అనొచ్చు. అడక్కుండా పొయ్యిమీది ఉగాలి సంకటి ఎత్తుకుపోవచ్చు. ఎదుటివాడికి కోపం రాకూడదు, వస్తే వరస తెంచుకున్నట్టే. ఆఖరికి చావింటికి కూడా అవతలి తెగవాళ్లొచ్చి, శవాన్ని వెక్కిరించి, ఏడ్చేవాళ్లని నవ్వించి పోతారు. అందుకే ఒటీలియా, లుకోసీ రోజూ పొద్దున్నే పలకరించుకునే తీరు ఇలా ఉండేది:

"ఏవోయ్ ముసలోడా, ఇంకా ఉన్నావా?"

"ఉన్నానే దొంగదానా. నువ్వొచ్చి నా శవాన్ని తిట్టకపోతే మట్టి నన్ను పుచ్చుకోదు."

"హెహే వాళ్లని గట్టిగా తిడితే అలిగి చచ్చిపోతారట కదా? అందుకే మెల్లిగా తిడుతున్నాను."

పెద్దవాళ్లకి మోకాలు వంచి చెప్పే 'షికమో' వాళ్లిద్దరి మధ్య మొదటి వారంలోనే ఎగిరిపోయింది. కండిడాకి మాటలొచ్చినప్పుడు అమ్మ తర్వాత నేర్చిన మాట 'ముసలోడా'. ఆ రోజు లుకోసి వీధిలో అందర్నీ ఆపి చెప్పుకున్నాడు.

రెండో ఏడు వానలు మొదలయ్యాక ఆయన తన రేడియో తెచ్చి ఒటీలియా గుమ్మంలో పెట్టాడు.

"ఇదేంటి?"

"ఎలాగూ దొంగిలిస్తావుగా. నీ శ్రమ తగ్గిద్దామని."

ఆమె నవ్వి లోపల పెట్టుకుంది. నాలుగు రోజులు పోయాక భార్య వాడిన పెద్ద వంటగిన్నె వచ్చింది, అలాంటి మాటతోనే. ఆ తర్వాత లారీ రోజుల నాటి దళసరి కోటు. ఇరింగా వానల్లో కొండగాలి ఎముకల్లోకి దిగుతుంది. కోటు ఇచ్చేసి ఆయన పల్చటి చొక్కాతో అరుగు మీద కూర్చున్నాడు. ఒటీలియా కోటు చేతిలో పట్టుకుని నిలబడిపోయింది. ఈసారి నవ్వు రాలేదు.

ఆమెలోని పాత అనుమానం చెవులు నిక్కించింది.

అప్పుడు గమనించడం మొదలుపెట్టింది. ఇంటివెనక ఆయనకో వెదురు తోపు ఉంది. వానాకాలం వస్తే లేత వెదుళ్ల కొసలు కోసి, పూటపూటా గీసి, కల్లు దించాలి. ఒక పూట గీయకపోతే ధార ఎండిపోతుంది. ఒంట్లో బాగున్నా లేకున్నా హెహే మగాడు వెదురు మాత్రం గీస్తాడు. లుకోసి ఈ ఏడు కత్తికి పదునే పెట్టలేదు. తోపు వియ్యపురాలికి ఇచ్చేశాడని తెలిసింది. తాగడం మానేశాడు. వీధిలో అందరితో నెమ్మదిగా, తీయగా మాట్లాడుతున్నాడు. గడ్డం గీసుకుని ఆదివారం గుడికి కూడా వెళ్లాడు.

వీధికి ఇదంతా చక్కగా అర్థమైపోయింది. "రక్షణ పొందాడమ్మా!" అన్నారు. కల్లుతోపు ఇచ్చేయడం, పాటల రేడియో వదిలించుకోవడం, మాట మెత్తబడటం అన్నీ ఆ లెక్కలో అమిరాయి. ఒక్క ఒటీలియాకే అమరలేదు. ఆమెకి మేకమాంసం వండిన ఆదివారం గుర్తొచ్చింది.

ఆ వారమే తరగతిలో టీచర్ ఎలిషీలియా ఆ పాఠమే చెప్పింది. "ప్రాణం మీద విరక్తి కలిగిందని ఎవరి గురించైనా అనుమానం వస్తే చుట్టూ తిప్పకండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని ఆ మాటతోనే అడగండి."

"అది పడుకున్న పామును కర్రతో లేపడం కాదా టీచర్?" అన్నాడు బల్ల చివర కూర్చున్న గొట్‌ఫ్రీడ్. "లేని ఆలోచన మనమే పెట్టినట్టు అవదూ?"

"ఆకలేస్తోందా అని అడిగితే నీకు కొత్తగా ఆకలి పుడుతుందా?"

"మన మెస్సు దగ్గర అడిగితే ఉన్నది కూడా చస్తుంది."

అందరూ నవ్వారు. టీచర్ నవ్వు అయ్యేదాకా ఆగింది. "అడిగితే పుట్టదు. ఇన్నాళ్లూ ఒక్కడే మోస్తున్నది ఇంకొకరి చెవిన పడుతుంది, అంతే. కానీ అడిగేసి వదిలి రాకండి. ఆ మనిషిని ఒంటరిగా ఉంచకండి. మీరూ ఒంటరిగా మోయకండి."

తరగతయ్యాక ఒటీలియా ఆగి, పేరు చెప్పకుండా, "ఒక పెద్దాయన" అంటూ సంగతి చెప్పింది. టీచర్ విని, "నువ్వు టీలో పంచదారని కూడా అనుమానించే రకమని నాకు తెలుసు," అంది. "అయినా ఈ అనుమానాన్ని కొట్టిపారేయకు. రేపే అడుగు. ఏ జవాబు వచ్చినా నా దగ్గరికి రా."

మర్నాడు పొద్దున ఒటీలియా రెండు కప్పుల టీ పట్టుకుని అరుగు దగ్గరికి వెళ్లింది. కండిడా ఆమె కొంగు పట్టుకుని వెనకే వచ్చింది. రాత్రంతా కూడగట్టుకున్న మాట నోట్లో ఉంది. నోరు తెరిచేసరికి అలవాటుగా వచ్చింది మాత్రం: "ఏవోయ్ ముసలోడా, ఇంకా ఉన్నావా?"

"ఉన్నాను, ఉన్నాను. తొందరపడకు."

ఆమె నాలిక కరుచుకుంది. "అది కాదు. నిజంగా అడుగుతున్నాను. చచ్చిపోవాలని ఉందా నీకు?"

లుకోసి పగలబడి నవ్వాడు. "అబ్బో! ఇవాళ న్గోనీది చాలా పొద్దున్నే మొదలెట్టింది! కోటు నీకిచ్చేశాగా, ఇంకేం తొందర?"

"వేళాకోళం కాదు."

"మీవాళ్లు మా తాతల మీదకి దండెత్తినప్పుడూ ఇదే అడిగారట. మావాళ్లు 'మీరు ముందు' అన్నారట."

అప్పుడు తెలిసొచ్చింది ఆమెకి, తను ఏం చేసుకుందో. అడగవలసిన ఒకే ఒక్క మాటని రోజూ పొద్దున్నే వేళాకోళంగా అడిగి అడిగి అరగదీసేసింది. ఇప్పుడు ఎంత నిజంగా అడిగినా అది నిన్నటి మాటలాగే వినిపిస్తుంది. ఆయనకి దాక్కోడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు, ఆ చోటు తనే ఇచ్చింది.

ఆఖరి ప్రయత్నంగా కప్పు కింద పెట్టి, మోకాలు వంచి, తల దించి, "షికమో, బాబా," అంది.

ముసలాయన ఒక్క క్షణం ఆమె వంక కాక, ఆమె వెనకున్న పిల్ల వంక చూశాడు. "మరహబా," అని ఆ మర్యాద పుచ్చుకున్నాడు మెల్లిగా. వెంటనే గొంతు పెంచి, "పుంజూ, విన్నావా! న్గోనీలు లొంగిపోయారు!" అని పెరట్లోకి అరిచి, లేచి లోపలికి పోయాడు. ఆయన కప్పు నిండుగానే ఉంది. మీద మీగడ కట్టింది.

ఒటీలియా ఆ పొద్దున కాలేజీకి వెళ్లలేదు. ఫోను చేసి టీచర్‌కి చెప్పింది. "వీలైనంత సేపు ఆ ఇంట్లోనే ఉండు," అంది టీచర్. "ఆయన వేళాకోళం ఆడలేని మనిషి ఎవరున్నారో చూడు."

చూసేలోపే ఆ మనిషే వచ్చింది. మామా తులీ, అంటే తులీ వాళ్లమ్మ; అక్కడ పెద్దవాళ్లని పిల్లల పేరుతోనే పిలుస్తారు, తల్లిని మామా అనీ తండ్రిని బాబా అనీ. ఆ వీధిలో పది ఇళ్లకీ పెద్ద, లుకోసి వియ్యపురాలు. ఆమె కొడుకే వుమిలియా మొగుడు. గొడుగు ముడిచి, వాకిట్లో నిలబడి, గది తలుపులోంచి లోపలికి తొంగిచూసింది. కండిడా ఆ పెద్దగిన్నెలో కూర్చుని రేడియో మీట తిప్పుతోంది. కోటు మేకుకు వేలాడుతోంది.

"పిల్లా, మా వియ్యంకుడింట్లో సామాను ఒక్కొక్కటే నీ గదిలోకి నడిచొస్తోందని విన్నాను. కాళ్లు మొలిచాయేంటి?"

"ఆయనే ఇచ్చాడండి."

"రక్షణ పొందిన మనిషి. మెత్తబడ్డాడు. మెత్తటి నేల చూసుకునే పందికొక్కు తవ్వుతుంది." గోడ అవతల ఇద్దరు ఆడవాళ్లు ఆరేసిన బట్టలు మళ్లీ మళ్లీ సర్దుతూ వింటున్నారు. "బాబా వుమిలియా! ఇటు రా. నువ్విచ్చావా, ఇది తీసుకుందా?"

లుకోసి గుమ్మంలోకి వచ్చాడు. గోడవతల ఆడవాళ్లని చూసి, "న్గోనీలు ఇస్తే పుచ్చుకుంటారా, దోచుకుంటారు గానీ!" అన్నాడు. వాళ్లు కిసుక్కుమన్నారు. మామా తులీ గొంతు సవరించుకుంది. ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు, కళ్లు దించుకున్నాడు. వియ్యపురాలి ముందు హెహే మగాడు జోకు వెయ్యడు.

"ఇచ్చానండి," అన్నాడు. "నేనే ఇచ్చాను. నాకు అక్కర్లేదు."

ఆ గొంతు ఒటీలియా ఇన్నాళ్లలో ఎన్నడూ వినలేదు. అడుగంటిన బావిలో బాల్చీ తగిలినట్టుంది. అది విన్నాక ఆమెకి అనుమానం పోయి భయం పట్టుకుంది.

మామా తులీకి మాత్రం మాటే వినబడింది, గొంతు వినబడలేదు. "ఇచ్చేవాడి చెయ్యి మెత్తనైతే పుచ్చుకునేదానికైనా సిగ్గుండాలి. గది ఖాళీ చెయ్యి అమ్మాయ్. లేకపోతే మీ కొండమీదికొచ్చి, మీకు చదువు చెప్పేవాళ్లతోనే మాట్లాడతాను," అని గొడుగు విప్పుకుని వెళ్లిపోయింది.

ఒటీలియా గోడవతల ఆడవాళ్లలో ఒకామెని పిలిచి, కండిడాని ముసలాయన ఒళ్లో కూర్చోబెట్టి, "నేనొచ్చేదాకా ఇద్దర్నీ చూస్తూ ఉండక్కా, ఎక్కడికీ కదలకు," అంది. ఆమె వింతగా చూసింది. ఒటీలియా కోటూ రేడియో గిన్నెలో పెట్టుకుని, ఆ గిన్నె నెత్తిన పెట్టుకుని, వానలో మామా తులీ ఇంటికి నడిచింది. వీధంతా చూసింది. దొంగసొత్తు తిరిగిచ్చేస్తోందనే అనుకున్నారు.

"ఒప్పుకున్నావన్నమాట," అంది మామా తులీ గుమ్మంలోనే.

"మీరు ఏదనుకున్నా సరే. నాకొక్క సాయం చెయ్యండి. ఆయన్ని ఒక మాట అడగాలి. నేను అడిగితే నవ్వేస్తున్నాడు. మీరడిగితే నవ్వలేడు."

"ఏ మాట?"

ఒటీలియా చెప్పింది. మామా తులీ ముఖం గట్టిపడింది. "నీ దొంగతనం కప్పుకోడానికి మా ఇంటిమీద చావు పేరు తెస్తావా? ఒక ముసలాడు దేవుడి దారిన పడితే నీకు జబ్బులా కనిపిస్తోందా? అదేనా అక్కడ నేర్పేది?"

"నా మాట తప్పైతే సాయంత్రమే గది ఖాళీ చేస్తాను. మీరు కొండమీదికి రానక్కర్లేదు, నేనే చెప్పుకుంటాను." ఒటీలియా గిన్నె కింద దించింది. తడిసిన జుట్టు లోంచి నీళ్లు కారుతున్నాయి. "ఆయన మీకు వెదురు తోపిచ్చాడు కదా. ఇచ్చేటప్పుడు ఏమన్నాడు?"

"ఏమంటాడు? తాగుడు మానేశాను అన్నాడు."

"అంతేనా? ఇంకేమీ అనలేదా?"

మామా తులీ జవాబు చెప్పబోయి ఆగింది. వంటింట్లో మొక్కజొన్నా చిక్కుడుగింజలూ ఉడుకుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆమె ఒంటిమీది గుడ్డ అంచు పట్టుకుని మెలితిప్పడం మొదలుపెట్టింది.

"'వచ్చే వానలకి కొత్త మొలకలు వస్తే వుమిలియాకి చెప్పండి, తల్లి నాటిన వైపు నరకొద్దని' అన్నాడు," అంది. "నేను... 'నువ్వే చెప్పుకో, నీ నోటికేం వచ్చింది' అన్నాను. నవ్వాడు."

మామా తులీ పొయ్యి కింది కట్టెలు లాగేసి, గొడుగు కూడా తీసుకోకుండా బయల్దేరింది.

లుకోసి అరుగు మీదే ఉన్నాడు. కండిడా ఆయన ఒళ్లో నిద్రపోయింది. పక్కింటామె పిల్లని ఎత్తుకుని పక్కకి జరిగింది. మామా తులీ ఎప్పుడూ లేనిది, వియ్యంకుడికి ఎదురుగా అదే అరుగు మీద కూర్చుంది.

"బాబా వుమిలియా. నా నోటితో అడగకూడని మాట అడుగుతున్నాను. చచ్చిపోదామనుకుంటున్నావా?"

ఆయన చూపు ఒటీలియా మీదికి వెళ్లింది. పెదవులు నవ్వడానికి సిద్ధమయ్యాయి.

"దాన్ని చూడకు. నన్ను చూసి చెప్పు. నేను నీ వేళాకోళపు వరస కాదు."

టోపీ ఆయన చేతుల్లో గుండ్రంగా తిరిగింది. రేకుల మీద వాన జోరందుకుంది, సన్నబడింది, మళ్లీ జోరందుకుంది. ఒటీలియాకి ఏదో ఒకటి మాట్లాడాలనిపించింది. అయినా నోరు మూసుకుని, ఊపిరి తీస్తూ కూర్చుంది.

"అవునండి," అన్నాడు లుకోసి.

మామా తులీ చెయ్యి నోటికి పోయింది. అక్కడే ఆగింది.

"నిద్ర లేదండి. లేచాక ఎందుకు లేచానో తెలీదు. చేతిలో స్టీరింగు ఉన్నన్నాళ్లూ ఎక్కడికో వెళ్లాలని ఉండేది. ఇంటికి రావాలనైనా ఉండేది." టోపీ తిప్పడం ఆపాడు. "ఎవరికీ బరువు కాకుండా అన్నీ సర్దేద్దామనుకున్నాను. వానలు వెళ్లేలోగా."

"ఇవాళ అనుకున్నావా?" అడిగింది ఒటీలియా.

అప్పుడాయన ఆమెవైపు తిరిగాడు. ఆ ముఖంలో ఆమెకి తెలిసిన లుకోసి లేడు. "నా సంగతి మీ బళ్లో చెప్పావా?"

అబద్ధం ఆడొచ్చు. ఆయన నమ్ముతాడు కూడా. "చెప్పాను. పేరు చెప్పలేదు."

"నువ్వెక్కడ అద్దెకుంటున్నావో వాళ్లకి తెలుసా?"

"...తెలుసు."

"అయితే చెప్పినట్టే." ఆయన వానవైపు తిరిగాడు. "నేనేం తిట్టినా కోపం రాదనుకుని నిన్ను ఇంట్లో పెట్టుకున్నాను," అన్నాడు. "నువ్వు నన్ను పాఠం చేసుకున్నావు."

ఒటీలియా లేచింది. ఫోను తీసుకుని వాకిట్లోకి వెళ్లి వుమిలియాకి చేసింది. అవతల గొంతు మొదట కసురుకుంది. "నువ్వెవరు? మా నాన్న ఇంట్లో సామానంతా తీసుకుపోతున్నది నువ్వేనా?" ఒటీలియా ఫోను మామా తులీకి ఇచ్చింది. మామా తులీ, "అవునే, ఆమే," అని, "ఇప్పుడే బస్సెక్కు. ఏడుస్తూ ఎక్కినా ఫర్వాలేదు," అంది.

ఆ రోజు మామా తులీ ఆ ఇంట్లోంచి కదల్లేదు. వియ్యంకుడి ఇంట్లో పడుకోవడం ఏ హెహే ఆడదీ చెయ్యదు. వీధిలో ఎవరో ఆ మాటే అంటే, "పది ఇళ్ల పెద్దని నేను. ఇదీ పదిట్లో ఒకటే," అంది. టీచర్ ఎలిషీలియా సాయంత్రం కొండ దిగి వచ్చింది. మర్నాడు కూతురూ, టీచరూ కలిసి ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఒటీలియా వెళ్లలేదు. ఆయన ఆమెని రావద్దన్నాడు.

మందులు మొదలయ్యాయి. వుమిలియా ఉండగలిగినన్నాళ్లు ఉండి, అత్తగారికి అప్పగించి మకంబాకో వెళ్లింది. గది ఖాళీ చెయ్యమన్న మాట మామా తులీ మళ్లీ ఎత్తలేదు, వెనక్కీ తీసుకోలేదు. గిన్నే రేడియో కోటూ లుకోసి ఇంటికే తిరిగి వెళ్లాయి. వీధిలో ఇప్పుడు ఒటీలియాని చూసి కొందరు మాట ఆపేస్తారు. ఆమె తమలో ఏం చూస్తుందోనని భయం. గొట్‌ఫ్రీడ్ కూడా ఒకరోజు, "నన్ను అలా చూడకు మామా కండిడా, నేను బాగానే ఉన్నాను," అన్నాడు. ఆమె నిజంగా అలా చూడలేదు. ఆ తర్వాత మాత్రం చూసింది.

మామా తులీకి పొద్దున పూట పొలం పని. అందుకని పొద్దుటి మాత్ర ఇవ్వడం ఒటీలియా వంతైంది. ఆమె వెళ్లేసరికి లుకోసి అరుగు మీద కూర్చుని ఉంటాడు. వేళాకోళం లేదు. తిట్లు లేవు. ఏడాదిన్నరగా నోటికి రాని మర్యాదలన్నీ ఇప్పుడు వస్తాయి. ఆమె మోకాలు వంచుతుంది.

"షికమో, బాబా."

"మరహబా, మామా కండిడా. బాగున్నారా? పాప లేచిందా?"

"లేచింది. ఇదిగోండి."

ఆయన మాత్ర పుచ్చుకుని, నోట్లో వేసుకుని, గుక్కెడు నీళ్లు తాగి, "మింగాను," అంటాడు.

ఒటీలియా కదలదు. ఆయన ముఖం కాస్త నిండింది, నిజమే. నిన్న వెదురు తోపువైపు నడిచి వెళ్లి, అక్కడ చాలాసేపు నిలబడ్డాడని మామా తులీ చెప్పింది. అది మంచి గుర్తో చెడ్డ గుర్తో ఒటీలియాకి ఇంకా తేలలేదు. ఇవాళ ఆయన నవ్వాడు కూడా, పిల్ల గురించి అడిగినప్పుడు. ఆ నవ్వు మీదా ఆమెకి అనుమానమే.

"నోరు తెరవండి," అంది.

ఆయన తెరిచాడు.

"నాలిక ఎత్తండి."

ఎత్తాడు. ఆమె వంగి, వెలుతురుకి అడ్డు రాకుండా తల పక్కకి పెట్టి, చిగుళ్ల చుట్టూ, బుగ్గ లోపలా చూసింది. ఏమీ లేదు. ముసలాయన నోరు మూసుకుని, పెదవులు తుడుచుకున్నాడు.

"నమ్మకం కుదిరిందా?"

"లేదు," అంది ఒటీలియా. పీట లాక్కుని, ఆయన టీ తాగేదాకా ఎదురుగా కూర్చుంది.